మా సర్వర్‌కు నోరొచ్చింది

మా ఇంట్లో కంప్యూటర్ మొదటిసారి టక్కుమన్న రోజు బాపమ్మ సంబరపడింది. బీడీలు చుట్టే చేయి ఆపి, ఒళ్లోని చాట పక్కకు జరిపి, "ఇన్నొద్దులకు దీనికి నోరొచ్చిందే!" అంది.

బాపమ్మ మా నాయిన తల్లి. ఆమె లెక్కలో చప్పుడు చేయని మిషన్ పని చేయని మిషన్. రెండేళ్లుగా ముందుగదిలో బీరువా పక్కన మూగగా కూర్చున్న ఆ డబ్బా మీద ఆమెకు మొదటి నుంచీ అనుమానమే. తింటుందా, తాగుతుందా, ఏం పని చేస్తుంది అని వచ్చినవాళ్లందరినీ అడిగేది. ఇప్పుడు అది టక్కుమంది. కాసేపాగి మళ్లీ టక్కుమంది. బాపమ్మ దాని తల మీద చేయి వేసి, చంటిపిల్ల మొదటి మాట విన్నట్టు నవ్వింది.

తప్పు ఆమెది కాదు. సోలాపూర్‌లో మేముండేది పద్మశాలీల వాడ. ఇంటింటికీ వెనక కరెంటు మగ్గాలుంటాయి. వాటిని మేం సాంచాలు అంటాం. నేను ఆ చప్పుడులోనే పుట్టాను, అందులోనే అక్షరాలు దిద్దాను. బడిలో చేరిన కొత్తలో టీచరమ్మ మెల్లగా మాట్లాడితే ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మా ఇళ్లలో ఉప్పు అందుకోమని చెప్పాలన్నా అరవాల్సిందే. నా గొంతు మాత్రం ఎప్పుడూ సాంచాల చప్పుడును దాటలేదు. ఇంట్లో నన్ను పిలిస్తే నేను పలికేదాన్ని, అది ఎవరికీ వినిపించేది కాదు, "దీనికి చెవుడు" అనుకునేవాళ్లు. ఏదైనా చెప్పాలనిపిస్తే నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నాది తెలుగు బడి. నాయిన, చిన్నాయన చదివింది మరాఠీ బడిలో. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అమ్మకూ బాపమ్మకూ అక్షరాలే లేవు. అందుకే నా డైరీ ఏ తాళమూ లేకుండా, నేను గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవలల కింద, బియ్యం డబ్బా మీద భద్రంగా పడి ఉండేది.

కంప్యూటర్ తెచ్చింది చిన్నాయన, నాయిన తమ్ముడు. తొంభైల చివరి సంవత్సరాలవి. ఆయన ఇల్లు మా ఎదురుగానే, సందుకు అటువైపు. అక్కడ ఇంకో కంప్యూటర్ పెట్టి, రెండిళ్ల మధ్య సందు మీదుగా ఒక నల్ల తీగ లాగాడు. మా సాంచాల మీద నేసే చద్దర్ల డిజైన్లన్నీ మా ఇంటి డబ్బాలో ఉంటాయి. చిన్నమ్మ తన ఇంట్లో కూర్చొని తీగ గుండా వాటిని తీసుకుని రంగులు మారుస్తుంది. తీగ కట్టిన రోజు చిన్నాయన నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పాడు.

"అవ్వా, మీ ఇంట్ల ఉన్నది మామూలు కంప్యూటర్ అనుకుంటున్నవా? సర్వర్ అది, సర్వర్."

"సర్వరా?" అంది బాపమ్మ. మా వాడకు తెలిసిన సర్వర్ ఒక్కడే. కొంతం చౌక్ దగ్గరి హోటల్లో చాయ్ అందించే ముసలాయన. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. పెద్దవాళ్లు సర్వర్ అనీ, మేం సర్వర్ మామ అనీ పిలిచేవాళ్లం.

"ఆ, సర్వరే. ఎవలు ఏది అడిగితే అది తెచ్చిస్తది."

"అట్లనా? జర ఒక కటింగ్ చాయ్ తెమ్మను, సూద్దాం."

ఆ రోజు నుంచి మా డబ్బాకు సర్వర్ అనే పేరు స్థిరపడిపోయింది. ఎండ కాసిన మొదటి రోజే చిన్నమ్మ ఆ నల్ల తీగ మీద తువ్వాళ్లు ఆరేసింది.

ఆ సర్వర్ కడుపులో ఉన్నవన్నీ మా తాత డిజైన్లు. చద్దరు మీద వచ్చే పువ్వయినా పులయినా ముందు గళ్ల కాగితం మీద పుట్టాలి. ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్కన గీయాలి. తాత జీవితమంతా అదే పని చేశాడు. ఆయనకు పూలు బాగా వచ్చేవి. ప్రాణమున్నవి రావు. ఎంతో ఆశపడి ఒక నెమలిని గీశాడు. దాని మెడ పొట్టిదయింది, తోక కిందికి బరువుగా వాలింది. బజారులో ఆ చద్దరుకు కోడి చద్దర్ అని పేరు పడింది. ఆ పేరుతోనే బాగా అమ్ముడుపోయింది కూడా. తాత మాత్రం చివరిదాకా "అది నెమలి" అనేవాడు. "నెమలైతే గుడ్ల మీద కూసున్నట్టు ఎందుకున్నది?" అనేది బాపమ్మ. కూరలో ఉప్పు ఎక్కువైందని మొదలైన పోట్లాట కూడా చివరికి ఆ కోడి దగ్గరికే వచ్చేది.

తాత పోయాక ఆయన కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. మనుషులతో మాట్లాడక్కర్లేని పని కదా అని నేను సంతోషంగా ఒప్పుకున్నాను. గడి తర్వాత గడి, రెండేళ్లు పట్టింది. ఏ కాగితం ఎక్కించడం అయిపోతే అది బాపమ్మకు ఇచ్చేదాన్ని. "అంతా డబ్బాల కెక్కింది గదా" అని ఆమె ఆ కాగితాలను తంబాకు చాటల్లో పరిచింది, అటకల మీద వేసింది, మిగిలినవి వానాకాలంలో చెదలు చూసుకున్నాయి. ఫ్లాపీలు కొన్ని ఉండేవి కానీ అవి డిజైన్ ప్రకారం మగ్గానికి చిల్లుల కార్డులు కొట్టే దుకాణానికి పోతూ వస్తూ ఉండేవి. సగం ఫ్లాపీలు మా వాడ గాలిలోని దూది నుసికే పాడైపోయాయి. అంటే తాత గీసిన గీతలన్నీ ఇప్పుడు ప్రపంచంలో ఒక్కచోటే ఉన్నాయి. ఆ ఒక్కచోటే టక్కుమంటోంది.

సాయంత్రం నాయిన వచ్చాడు. నాయిన జాబర్. అంటే సాంచాలు బాగుచేసే మనిషి. వాడలో ఎవరి సాంచ చెడినా ముందు ఆయన్నే పిలుస్తారు. దేన్నీ విప్పకముందే, మరలు తిప్పే పేచ్‌కస్ కొనను ఇనుముకు ఆనించి, కర్ర పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. విని, ఫలానా తోలు పట్టా అరిగిందంటే అరిగిందే. ఆ చెవికి వాడలో ఎంత పేరంటే, కొత్త అల్లుళ్లకు దాన్ని చూపించేవాళ్లు. ఆ నాయిన సర్వర్ ముందు ఒక్క నిమిషం నిలబడి తల ఊపాడు.

"మంచి ఆవాజ్. కొత్త సాంచ గూడ మొదలు బిగుసుకోనుంటది. రెండేండ్లకు ఖుల్లా అయింది. ఇగ సూడుండ్రి, ఎట్ల ఉరుకుతదో."

బాపమ్మ "నేను సెప్పలే?" అంది. ఇల్లంతా సంతోషం. నేను మాత్రం ఆ డబ్బాతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ విప్పి చూడని పుస్తకాలు చదవడం నాకు అలవాటు. వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంది. లోపలి డిస్కు నుంచి ఎప్పుడూ లేని చప్పుడు వస్తే అది జబ్బు. ముందు అందులోవన్నీ ఇంకోచోటికి చేర్చుకుని, తర్వాత డిస్కు మార్చుకోవాలి. ఎన్నాళ్లలో మార్చాలో మాత్రం ఆ పుస్తకం చెప్పలేదు. అది రేపు చావవచ్చు, ఏడాది బతకవచ్చు.

వాడంతా నమ్మే చెవి మంచి ఆవాజ్ అన్న తర్వాత, ఎవరికీ వినపడని నా గొంతుతో కాదని ఎలా చెప్పను? చెప్పలేదు. లెక్కపెట్టి రాయడం మొదలుపెట్టాను. ప్రతి రాతకూ మొదట ఆ రోజు టక్కులెన్నో అంకె, తర్వాత నా మామూలు రాతలు. రోజూ పడుకునే ముందు, రేపు చెప్తాను అనుకునేదాన్ని. ఆ రేపు మూడు రోజులు సాగింది. గురువారం నాడు కోడి డిజైన్ తెరవబోతే తెర తెల్లగా అలాగే ఉండిపోయింది. నేను అమ్మ ఇచ్చిన చాయ్ మొత్తం తాగేశాక గానీ కోడి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం నాయిన అన్నానికి వచ్చినప్పుడు, జొన్నరొట్టె, పల్లీల చట్నీ ఉన్న కంచం పక్కన నా నోటుబుక్కు తెరిచి పెట్టాను. నోటితో చెప్పలేనిది అంకెలు చెప్తాయని నా ఆశ. నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"సర్వర్ సప్పుడు నాయినా. ఏ రోజు ఎన్నిసార్లో రాసిన."

"నాకు తెలుగు సదువొస్తదా? సదువు."

ఇది నేను అనుకోలేదు. అంకెలు మాత్రం చదివి తప్పించుకుందామనుకున్నాను. నాయిన వేలు మాత్రం అంకె పక్కనున్న రాత మీద ఉంది. "గిదంత ఏంది? మొత్తం సదువు." సరిగ్గా అప్పుడే చిన్నమ్మ గిన్నెలో కూర పట్టుకుని గడపలోకి వచ్చింది. గొంతు పెంచి, బల్ల మీద నిలబెట్టిన పిల్లలా చదివాను.

"సోమవారం. నాలుగుసార్లు. బాపమ్మ తంబాకు డబ్బా మళ్లీ సర్వర్ వెనక దాచింది. ఆ నుసి లోపలికి పోతుందని చెప్పాలి. చెప్పలేదు."

"ఓయమ్మో!" అంది బాపమ్మ. "నా మీదనే పితూరీ రాస్తున్నదా ఇది?"

"మంగళవారం. ఏడు. చిన్నమ్మ తీగ మీద లంగా ఆరేసింది. డిజైన్ అటు చేరేసరికి సగం రంగులు లేవు. లంగాకు అంటుకున్నాయేమో."

చిన్నమ్మ గిన్నె కింద పెట్టి, చెంగు నోట్లో కుక్కుకుంది.

"బుధవారం. తొమ్మిది. చిన్నాయన చూసి ఏం కాదన్నాడు. చిన్నాయన దేన్ని చూసినా ఏం కాదంటాడు. చిన్నమ్మ వండిన పప్పును చూసి కూడా."

"అట్లన్నడా?" చెంగు నోట్లోంచి జారింది. "రానియ్యి ఇంటికి. ఏమైతదో నేను సూపిస్త."

అమ్మ గోడకు తిరిగి నవ్వుతోంది. నాయిన రొట్టె ముక్క చట్నీలో అద్దుకుంటూ, "తరువాత?" అన్నాడు. తర్వాతిది గురువారం. నేను ఆగిపోయాను. ఇంటి వెనక మా నాలుగు సాంచాలు, వాటి వెనక వాడంతా దడదడలాడుతోంది.

"సదువు బిడ్డా."

"గురువారం. పధ్నాలుగు. కోడి తెరుచుకోవడానికి ఒక చాయ్ అంత సేపు పట్టింది. నాయిన దీన్ని మంచి ఆవాజ్ అన్నాడు. నాయినది సాంచ చెవి. ఈ మిషన్‌కు అది పనికిరాదు. చెప్పాలి. భయంగా ఉంది. డిస్కు పోతే తాత కోడి పోతుంది."

బాపమ్మ చేతిలో సగం చుట్టిన బీడీ విప్పుకుంది. నేను నోటుబుక్కులోంచి తల ఎత్తలేదు.

"సాంచ చెవి" అన్నాడు నాయిన. ఇంకోసారి, రుచి చూస్తున్నట్టు, "సాంచ చెవి" అన్నాడు. లేచి చేయి కడుక్కున్నాడు. "నా పేచ్‌కస్ ఏది?"

సర్వర్ ముందు గొంతుక్కూర్చొని, కొనను డబ్బాకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "సక్కగ ఇనబడ్తలేదు. మన సాంచాలు బంద్ చెయ్యుండ్రి." అమ్మ వెళ్లి ఆపింది. "పక్కింటియి గూడ." చిన్నమ్మ పరుగెత్తింది. ఆమె గొంతుకు సందు ఒక లెక్క కాదు. "జాబర్ బావ బంద్ చెయ్యుమంటుండు!" అని కేక వేసుకుంటూ పోయింది. నాయిన మాట అంటే సాంచాల వాళ్లకు డాక్టరు మాట. ఒక్కో ఇల్లు ఆగుతూ వచ్చింది. చివరి సాంచ కూడా ఆగాక నేను పుట్టి ఎరగని నిశ్శబ్దం మా సందులోకి వచ్చింది. మోరీ మీద పిచ్చుకలు ఇంతగా అరుస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

అయితే మా వాడలో పట్టపగలు సాంచాలు ఆగాయంటే అర్థం ఒక్కటే. ఎవరో పోయారని. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు చాటలు వదిలేసి, మగవాళ్లు భుజాల మీద దూది దులుపుకుంటూ సందులోకి వచ్చారు.

"కాయ్ ఝాలం? ఏమైంది? ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలే" అంది చిన్నమ్మ ఆయాసపడుతూ. "మా సర్వర్‌కు బాగలేదు. అంతే."

ఆ మాట చాలు. మొదటి ఇంటి దగ్గర సర్వర్‌కు బాగాలేదు. సందు మలుపు దగ్గర సర్వర్‌కు చాలా సీరియస్. చౌక్ చేరేసరికి సర్వర్ పోయాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

ఇంట్లో నాయిన వింటున్నాడు. టక్కు. ఆయన పెదవులు లెక్కపెడుతున్నాయి. టక్కు, టక్కు. చాలాసేపటికి పేచ్‌కస్ దించి, నన్ను చూశాడు.

"నిజమే బిడ్డా. ఇది నేసే ఆవాజ్ కాదు. ఎతికే ఆవాజ్. తెగిన పోగు దొరకక, పోయిన తొవ్వనే మళ్ల మళ్ల పోయొస్తున్నది." తర్వాత బాపమ్మ వైపు తిరిగి, "సాంచ చెవి అని బరాబర్ అన్నది" అని గట్టిగా నవ్వేశాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అంతలో చిన్నాయన వచ్చాడు. విషయం విని, నేను రాసినట్టే, "ఏం కాదు" అన్నాడు. చిన్నమ్మ ఆయన్ని ఒక చూపు చూసింది. "అదిగాదన్నా, ఇంక నడుస్తున్నది గదా? దివాళీ ఆర్డర్లున్నయి. దివాళీ దాంక నడుపుదాం. ఆగిపోతే అప్పుడు మారుద్దాం. నడిచేదాన్ని ఎవలన్న మారుస్తరా?"

నాయిన ఆలోచనలో పడ్డాడు. నడుస్తున్నదాన్ని విప్పకూడదన్నది జాబర్ల ధర్మం. అప్పుడు బాపమ్మ అందుకుంది.

"కొడుకా, అచ్చు మీద పడుగు అయిపోవస్తుంటె ఏం చేస్తరురా?"

చిన్నాయనకు ఈ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. "కొత్త పడుగు అతుకుతరు."

"ఎప్పుడు?"

"పాతది జానెడుండంగ."

"ఎందుకు జానెడుండంగ? మొత్తం నేసినంక అతకరాదా? జానెడు బట్ట దండుగనే గదా?"

మగ్గం ఎరగని వాళ్ల కోసం చెప్తాను. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే వేల పోగులు. అది అయిపోవచ్చినప్పుడు, ఇంకా జానెడు మిగిలి ఉండగానే, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత పడుగులోని ఒక్కో పోగుకు మెలిపెట్టి అతుకుతారు. పాత పోగే కొత్త పోగు చేయి పట్టుకుని, దువ్వెన లాంటి అచ్చు కళ్లలోంచి లోపలికి లాక్కొస్తుంది. పాతది పూర్తిగా అయిపోతే కొత్తదానికి దారి చూపేవాళ్లుండరు. మళ్లీ మొదటి నుంచి వేల కళ్లలోకి వేల పోగులు ఎక్కించుకోవాలి. బాపమ్మ చిన్నప్పటి నుంచీ పడుగులు అతికిన మనిషి. మాట్లాడుతుంటే ఆమె బొటనవేలూ చూపుడువేలూ గాలిలో ఆ మెలికే తిప్పుతున్నాయి.

"నడుస్తున్నది గనుకనే ఇప్పుడు మార్చాలె. ఆగినంక దేనికి అతుకుతవ్? నా నెత్తికా?"

"బంద్ చెయ్యి బిడ్డా దాన్ని" అన్నాడు నాయిన. "కొత్తది వచ్చేదాంక ముట్టద్దు. ఉన్న జానెడు అతికేటందుకు ఉండనియ్యాలె."

నేను సర్వర్ ఆపుతుండగా గడపలో అల్యూమినియం కేటిల్ చప్పుడైంది. సర్వర్ మామ. తెల్ల చొక్కా, భుజం మీద గుడ్డ, చేతిలో గ్లాసుల స్టాండు. వెనకాల సందులో సగం జనం.

"అక్కా" అన్నాడు బాపమ్మతో, "నేను సచ్చిపోయిన్నంట గదా. మీ ఇంట్లనే అంట. సూసిపోదామని వచ్చిన."

ఇల్లు కూలిపోయేంత నవ్వు. జరిగింది చెప్పేసరికి చిన్నమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆయన మాత్రం నవ్వకుండా, ఆగిపోయిన డబ్బాను చాలాసేపు చూశాడు.

"దీన్ని తీసేస్తుండ్రా?"

"ముసలిదైంది మామా. పని తప్పుతున్నది" అన్నాడు చిన్నాయన.

"గంతమాత్రానికే తీసేస్తరా? నా చేతులు వణుకుతలేవా? కప్పుల సగం, సాసర్ల సగం పోస్తున్న. ఎవడన్న ఏమన్నడా?" అని, నిజంగానే సగం చాయ్ సాసర్లో పడేటట్టు పోసి నాయినకు ఇచ్చాడు. "ఉండనియ్యిండ్రి బాబూ. కొత్తోనికి ఏ గిరాకీ ఏడ కూసుంటడో పాతోడే సెప్పాలె."

"గదే సేస్తున్నం తమ్మీ" అంది బాపమ్మ.

చిన్నాయన పుణె వెళ్లి మూడో రోజు కొత్త డిస్కుతో వచ్చాడు. ఆ మూడు రోజులూ నా డైరీలో సున్నాలే. బాపమ్మకు తోచలేదు. ఆ టక్కుకు అలవాటు పడిపోయానంది. నాకు లోపల ఒక్కటే బెంగ. ఆపినది మళ్లీ లేస్తుందా? ఆ పుస్తకంలో ఆ సంగతి వెతికాను, దొరకలేదు.

డబ్బా విప్పారు. రెండు డిస్కుల్నీ కలపడానికి లోపల ఒక వెడల్పాటి పట్టీ ఉంది. సన్నని తీగలన్నీ పక్కపక్కన అతికి, బూడిద రంగులో, ఒక అంచు మాత్రం ఎర్రగా. బాపమ్మ అద్దాలు పెట్టుకుని ముందుకు వంగింది. గోటితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నలభై పోగులు. ఎర్ర అంచు. ఎవలు నేసిండ్రో గని సాపుగ నేసిండ్రు."

చిన్నాయన పట్టీకి ఒకచోట పాతదాన్నీ, ఇంకోచోట కొత్తదాన్నీ తగిలించాడు. స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. ఇంకోసారి వేశాడు. ఏమీ రాలేదు. చిన్నాయన మొదటిసారి "ఏం కాదు" అనలేదు. రెండేళ్లు గడి గడిగా నేను ఎక్కించినవన్నీ, ఆ పొట్టి మెడ, ఆ బరువు తోక, అన్నీ ఆ నల్ల తెర వెనకే ఉండిపోయాయనిపించింది.

నాయిన లోపలికి తొంగిచూశాడు. వేలు పెట్టి చూపించాడు. "అరేయ్, పాతదానికి ఎర్ర అంచు కరెంటు వైరు దిక్కున్నది. కొత్తదానికి అవతలి దిక్కు పెట్టినవ్. అంచు తిరగబడ్డదిరా. చద్దరైతే గిరాకీ నీ మొఖం మీద కొడుతుండె."

చిన్నాయన నాలుక కరుచుకుని తిప్పి పెట్టాడు. స్విచ్ వేశాడు. తెర వెలిగింది. పాతది ఒక్కసారి టక్కుమంది. దాన్ని విని ఇంత సంతోషిస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

నేను కూర్చొని అతకడం మొదలుపెట్టాను. చిన్నాయన కాపీ అన్నాడు కానీ మా ఇంట్లో ఆ పనికి అతుకుడు అనే పేరే ఉండిపోయింది. డిజైన్ల పేర్లు తెర మీద ఒకటొకటిగా కదులుతున్నాయి. పూలు పోయాయి, తీగలు పోయాయి, గళ్లు పోయాయి. కోడి దగ్గరికి వచ్చి ఆగింది. టక్కు. టక్కు. టక్కు. మా సాంచాలు బంద్ చేయమని ఎవరూ చెప్పకుండానే అమ్మ వెళ్లి ఆపింది. నాయిన పేచ్‌కస్ ఆనించాడు.

"ఎతుకుతున్నది" అన్నాడు. "ఎతుకుతున్నది... ఆగు... ఎతుకుతున్నది..."

బాపమ్మ చాట వదిలేసి వచ్చి డబ్బా పక్కన కూర్చుంది. తాతను ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు కూడా పిలవలేదు. డబ్బాకు వినపడేలా, "ఓ అయ్యా, ఏడ దాచినవ్ నీ కోడిని? పిల్ల అడుగుతున్నది, ఇయ్యరాదు" అంది.

నాయిన చెవి పిడి మీదే ఉంది. ఆయన ముఖం నెమ్మదిగా విచ్చుకుంది. "దొరికింది" అన్నాడు. అప్పుడు గానీ తెర మీద పేరు కదలలేదు. తర్వాత మిగిలినవన్నీ వరసగా, పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

పాత డిస్కు తీసేశారు. కొత్తది ఒక్కటే పెట్టి, తీగ తగిలించారు. నిజంగా అతికిందో లేదో ఎదురింటి నుంచి తెరిస్తే తెలుస్తుంది. చిన్నమ్మ అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"తెరువుమని సెప్పు బిడ్డా" అన్నాడు నాయిన.

నేను గడపలోకి వెళ్లి, "చిన్నమ్మా, తెరువు" అన్నాను. పక్కింటి సాంచాల చప్పుడులో అది నాకే వినిపించలేదు.

"ఎవలకు సెప్పినవ్, గోడకా?"

ఊపిరి నిండా పీల్చుకున్నాను. "చిన్నమ్మా! కోడిని తెరువు!"

ఎదురింటి కిటికీలోంచి చిన్నమ్మ తల బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. "ఎవలే గట్ల ఒర్రేది?" అంది. గడపలో ఉన్నది నేనొక్కదాన్నేనని చూసి, "నువ్వేనా!" అంది. తర్వాత లోపలికి పోయింది. ఒక్క క్షణం. రెండు. నేను లెక్కపెడుతున్నాను, ఈసారి రాసుకోవడానికి కాదు.

"వచ్చిందే!" చిన్నమ్మ కేక సందు ఆ చివరి నుంచి ఈ చివరికి పోయింది. "కోడొచ్చింది! తోక దాంక మొత్తం వచ్చింది! కోడొచ్చిందే!"

బాపమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ, తంబాకు అంటిన చేతులతోనే నన్ను పక్కకు జరిపి, గడప మీద నిలబడింది. వాడలోని సాంచాలన్నిటినీ మించిన గొంతుతో అరిచింది.

"కోడి గాదే, పిచ్చిదానా! నెమలి! మీ మామ గీసిన నెమలి!"